మాటల్లేని దుకాణం

అల్ కుసైస్, దుబాయ్
12 ఆగస్టు 2023

సుభాషిణక్కా,

మెట్‌పల్లిలో వానలు బాగా పడుతున్నాయని నీ కాగితంలో చదివాను. ఇక్కడ వాన మాట ఎత్తితే నవ్వుతారు. ఫోన్‌లో నా మాట సరిగా వినపడటం లేదని నువ్వు ఈ ఉత్తరాల పద్ధతి పెట్టినప్పుడు నాకు చాలా విసుగొచ్చింది. కాగితం మీద రాయడం, ఫొటో తీయడం, వాట్సాప్‌లో పంపడం, ఈ తిప్పలన్నీ ఎవరు పడతారనుకున్నాను. ఇప్పుడేమో ఏ వింత కనపడినా ఇది అక్కకు రాయాలి అని నడుస్తూనే మొదలుపెట్టేస్తున్నాను. ఈ రోజు చూసిన వింత మామూలుది కాదు.

నీ మరిది రాకేశ్ కంపెనీకి ఒక పెద్ద మాల్‌లో ఏసీల పని దొరికింది. పొద్దున తనిఖీకి వెళ్తూ "నువ్వు గూడ రా, పని కాంగనే ఆడనే ఏమన్న తిందాం" అన్నాడు. తీరా వెళ్లాక తను పైకప్పులోకి ఎక్కిపోయాడు, నేను కింద ఉండిపోయాను. దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. తిరిగి తిరిగి కాళ్లు లాగుతుంటే ఒక పెద్ద తెల్లటి గది, లోపల రాతి బెంచీ కనపడ్డాయి. పైన బోర్డు లేదు. వెయిటింగ్ హాల్ అనుకున్నాను. నేల ఎంత శుభ్రంగా ఉందంటే, మన చీరల దుకాణంలో పరుపు ఎక్కే ముందు విడిచినట్టే చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లి కూర్చున్నాను.

కూర్చున్నాక గానీ అది బట్టల దుకాణమని తెలియలేదు. మన దుకాణానికి నాలుగింతలు ఉంటుంది. అరల్లేవు, గుట్టల్లేవు, చీర కట్టిన బొమ్మల్లేవు. గోడ పొడవునా ఒక సన్నని కడ్డీ, దానికి ఎడం ఎడంగా కొన్నే కొన్ని బట్టలు. తెలుపు, బూడిద రంగు, నలుపు, అంతే. పువ్వు లేదు, జరీ లేదు. పాట కూడా పెట్టలేదు. నా ఊపిరి నాకే వినపడింది.

లేచి పోదామనుకునే లోపల నల్ల చొక్కా వేసుకున్న ఒకాయన నా చెప్పులు రెండూ చేతుల్లో పట్టుకుని వచ్చాడు. నా ప్రాణాలు పైకే పోయాయి. ఇక బయటికి గెంటడమే తరువాయి అనుకున్నాను. ఆయన వాటిని నా పక్కన జతగా, మెల్లగా పెట్టి, తల కొంచెం వంచి వెనక్కి వెళ్లాడు. మళ్లీ వచ్చి గాజు గ్లాసులో నీళ్లు, ఒక ఖర్జూరం పెట్టాడు. ఏం కావాలి, ఎవరికి కావాలి, ఎంతలో కావాలి, ఏదీ అడగలేదు.

నా ఎదురుగా తడి ఇసుక రంగులో ఒక పొడుగు కోటు వేలాడుతోంది. అక్కా, నీ పెళ్లయిన దగ్గర్నుంచి నేను పెరిగింది నీ దుకాణంలోనే కదా. అన్నేళ్లలో నేను ఒక్క బట్టను ఒంటరిగా చూడనేలేదని అప్పుడు తెలిసింది. మన దగ్గర ప్రతిదాని కింద ఇంకోటి ఉంటుంది. ఇది ఒక్కటే ఉంది, దాని చుట్టూ అంత ఖాళీ ఉంది. భుజం దగ్గర ఆ గుడ్డ ఎలా వంగిందో, అంచు దగ్గర ఎలా ఆగిందో చూస్తూ ఉండిపోయాను. లేచి వెళ్లి తాకాను. ఆయన చూశాడు గానీ వద్దనలేదు. నవ్వకు, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత ఖాళీని కూడా మనుషులు ఇష్టపడి కొనుక్కుంటారా అని ఒక ఆశ్చర్యం, అందులో నన్ను కూడా కూర్చోనిచ్చారే అని ఇంకో ఆశ్చర్యం.

ధర చూశాను. నీకు రాయను, రాస్తే ఆ పూట అన్నం తినవు. రాకేశ్ ఫోన్ చేసి "ఖలాస్, పని అయిపోయింది, రా" అనగానే చెప్పులు వేసుకుని వచ్చేశాను.

దుకాణంలో లింబాద్రి బావ నీకు సాయం ఉంటున్నాడా?

నీ నవత


మెట్‌పల్లి
16 ఆగస్టు 2023

చెల్లె నవతకు,

నీ కాగితం చదివి నాకు ఆ దుకాణం వాళ్ల మీద జాలి కలిగింది. వాళ్లు మునిగిపోయారు, నీకే అర్థం కాలేదు. సరుకు లేకనే ఎడం ఎడంగా వేలాడదీశారు. మీ బావ ఉన్నప్పుడు, దుకాణం పెట్టిన మొదటి ఏడాది మా దగ్గరా సరుకు లేదు. ఖాళీ అట్టపెట్టెలు అరల నిండా పేర్చి, ముందు వరసలో మాత్రం చీరలు పెట్టి నిండుగా ఉన్నట్టు చూపించాం. పాపం, వాళ్లకు ఆ ఉపాయం చెప్పే మనిషి కూడా లేనట్టుంది.

అది అట్లా ఉంచు. దుకాణం తెరవగానే మొదట అడుగుపెట్టింది నువ్వు. వాళ్ల నీళ్లు తాగావు, ఖర్జూరం తిన్నావు, బట్టను తాకావు, ఏమీ కొనకుండా లేచి వచ్చావు. బోణీ చెడగొట్టావు కదే. పొద్దున్నే వచ్చి ఊరికే చూసిపోయే ఆడవాళ్లను నేను ఎన్ని మాటలనేదాన్నో నీకు తెలియదా? చివరికి నా చెల్లెలే ఆ పని చేసింది. అంత మర్యాదగా చెప్పులు తెచ్చిపెట్టిన మనిషి ఆ రోజంతా గిరాకీ లేక కూర్చుని ఉంటాడు. నాకు పగలంతా అదే మనసులో మెదులుతోంది. మళ్లీ వెళ్లి ఒక చేతిరుమాలైనా కొను.

ఇంకొక్క మాట. ఆయన నిజంగానే ఏమీ మాట్లాడలేదా? నువ్వు ఒక్కదానివే కాబట్టి మాట్లాడలేదా, అందరితో అంతేనా? మాట లేకుండా బేరం ఎట్లా కుదురుతుంది? కొనేవాళ్లకు ఏది నచ్చిందో ఆయనకెట్లా తెలుస్తుంది? ఇవి వివరంగా రాయి. నీ వంటలూ రాకేశ్ పైకప్పులూ తరువాత రాయవచ్చు.

లింబాద్రి బాగానే ఉన్నాడు. రోజూ వస్తున్నాడు.

అక్క


అల్ కుసైస్
21 ఆగస్టు 2023

అక్కా,

నీ తిట్లు అందాయి. రాకేశ్‌కు చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వాడు. "గా దుకాణపోళ్లకు మీ అక్క బోణీ చేపిస్తదా" అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిజంగానే ఆయన బోణీ పోగొట్టానేమో అని గుబులు పట్టుకుంది. కానీ మళ్లీ ఆ గుమ్మం ఎక్కే ధైర్యం నాకు లేదు. అక్కడ చేతిరుమాళ్లు కూడా ఉండవు.

నీ ప్రశ్నలు చూస్తే నీ సంగతి నాకు అర్థమైంది. జగిత్యాల రోడ్డులో కొత్తగా పెట్టిన అద్దాల షోరూమ్‌ను చూసి నువ్వూ అలా మార్చాలనుకుంటున్నావు. ఆ పని మాత్రం చేయకు. మన ఆడవాళ్లకు చీరలు గుట్టగా పోయాలి, విప్పినవి విప్పినట్టే ఉండాలి, ఇంకోటి చూపించు అనాలి. అన్నిటికంటే నీ నోరు కావాలి. వాళ్లు చీర కోసం ఎంత వస్తారో నీ మాట కోసం అంత వస్తారు. ఎవరి కోడలికి ఎన్నో నెల, ఎవరి కొడుక్కి ఎక్కడ వీసా వచ్చింది, అన్నీ అడిగి, నవ్వించి, ఏడిపించి చీర అంటగడతావు. నోరే నీ పెట్టుబడి. మాటల్లేని దుకాణం నీకు పనికిరాదు, అందులో నువ్వు ఒక్క పూట కూర్చోలేవు.

ఇక్కడ ఎండకు తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. నీకు ఇంగువ పంపిస్తాను, వచ్చే నెల మా పక్కింటి గంగాప్రసాద్ వాళ్లు ఊరికి వస్తున్నారు.

నవత


మెట్‌పల్లి
27 ఆగస్టు 2023

నవతా,

నీ కాగితం వచ్చి రోజులైంది. జవాబు రాయబుద్ధి కాలేదు. నువ్వు తెలిసి అనలేదని నాకు తెలుసు, అయినా బాధ కలిగింది.

నాకు వినపడటం లేదు. ఎడమ చెవే కొంచెం మందమని నీకు చెప్పాను, అది అబద్ధం. పోయిన ఏడు వచ్చిన ఆ విషజ్వరం రెండు చెవులనూ తీసుకుపోయింది. డాక్టరు చెవి మిషను పెట్టాడు. అది పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు ఇంతింత వినపడుతుంది, ఎదుటి మనిషి మాట మాత్రం వినపడదు. పెదవులు చూసి, సందర్భం చూసి, తల ఊపి నెట్టుకొస్తున్నాను. నోరే పెట్టుబడి అని రాశావు. వాళ్లు చెప్పేది వినపడకపోతే ఈ నోరు దేనికి?

మే నెలలో, పెండ్లిళ్ల జోరు మీద, మన వీధి చివర సాయవ్వ వచ్చింది. మొహం ఎర్రగా ఉంది, ఎండలో వచ్చింది అనుకున్నాను. ఏదో అడిగింది. ఆ నెలలో ఎవరు వచ్చినా పెండ్లి కోసమే కదా, వినకుండానే సంబరంగా పట్టుచీరలన్నీ ముందు పోశాను. "పిల్లకా, పిల్లగానికా? పప్పన్నం ఎన్నడు పెడ్తున్నవే సాయవ్వా" అని నవ్వుతూ అడిగాను. ఆమె లేచి నిలబడి నన్ను అట్లాగే చూసింది. ఆ పొద్దునే వాళ్లమ్మ చనిపోయిందట. తల్లి మీద కప్పడానికి చీర కోసం వచ్చింది. ఆమె వెళ్లిపోయాక పక్కనున్నవాళ్లు సైగ చేసి చెబితే గానీ నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి ఆమె మన గడప తొక్కలేదు. వాళ్ల వాడకట్టు ఆడవాళ్లెవరూ తొక్కలేదు.

లింబాద్రి రోజూ వస్తున్నాడని రాశాను కదా. సాయానికి కాదు. దుకాణం గది మీ బావ, లింబాద్రి, అన్నదమ్ములిద్దరి పేరు మీదా ఉంది. "వదినా, ఇగ నువ్వు ఇంట్ల కూసో. నేను సెల్‌ఫోన్ల దుకాణం పెడ్త, నెల నెలా నీకిన్ని ఇస్త" అని కాగితం మీద రాసి మరీ చూపించాడు. చెడ్డవాడు కాదు. చివరికి, దసరా దాకా చూద్దాం, గిరాకీ వస్తే నువ్వే కూర్చో, రాకపోతే నాకు ఇచ్చేయి అన్నాడు. నేను సరే అన్నాను.

ఆ దుకాణం పోతే నేను ఏం కావాలి? ఇంట్లో కూర్చుంటే గోడలు మాట్లాడినా నాకు వినపడవు. అందుకే అడిగాను నిన్ను, మాట లేకుండా బేరం ఎట్లా చేస్తారని. నువ్వు షోరూమ్ అన్నావు.

అక్క


అల్ కుసైస్
9 సెప్టెంబర్ 2023

మా అక్కకు,

నీ కాగితం చదివి చాలాసేపు ఏడ్చాను. రాకేశ్ తీసుకుని చదివి, సెలవు దొరకగానే నన్ను ఆ మాల్‌కు తీసుకెళ్లాడు. క్షమించు అని రాయడం కంటే నువ్వు అడిగినదానికి జవాబు తేవడమే మంచిదని నాకూ అనిపించింది.

ఈసారి చెప్పులతోనే లోపలికి వెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు. పేరు ఫైజల్, మన పక్క కేరళ, కోజికోడ్ మనిషి. నాకు వచ్చిన హిందీలో ముందు బోణీ సంగతే చెప్పాను. ఆ రోజు మీ బోణీ పాడుచేశాను, మా అక్క కోప్పడింది అన్నాను. ఇంత ఖరీదైన చోట ఇలాంటి మాట విని ఏమనుకుంటాడో అనుకున్నాను. ఆయన మొహం ఒక్కసారిగా విప్పారింది. బోణీని మా దగ్గర కైనీట్టం అంటారమ్మా అన్నాడు. వాళ్ల నాన్నది కూడా బట్టల దుకాణమేనట. ఇక్కడికి వచ్చాక ఆ మాట అన్నవాళ్లు మీరే మొదలు అన్నాడు. ఆ రోజు నేను లేచి వెళ్లిన కాసేపటికే ఒకావిడ వచ్చి ఆ ఇసుక రంగు కోటే తీసుకుందట. మీ చెయ్యి మంచిది, అప్పుడప్పుడు వచ్చి కూర్చోండి అన్నాడు. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ గురించి చెప్పాను. అంతా విని, మాటలతో చెప్పడం ఎందుకు, కూర్చుని చూడండి అని బెంచీ చూపించాడు.

ఒక అరబ్బు ఆవిడ వచ్చింది. ఫైజల్ ఎదురు వెళ్లలేదు. ఆమె కడ్డీ పొడవునా నడిచింది, అన్నీ తాకింది, వెనక్కి తిరిగింది. ఆయన గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తరువాత ఆమె ఇంతకుముందు తాకిన ఒక బూడిద రంగు అంగీ దగ్గరికి మళ్లీ వచ్చి మెడ దగ్గర వేళ్లు పెట్టింది. అప్పుడు కదిలాడు. ఆ ఒక్కదాన్నే తీసి, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల మీద పరచుకుని, వెలుతురున్న చోటికి తెచ్చి చూపించి, వెనక్కి జరిగి ఊరుకున్నాడు. ఆమె ఎంతసేపు చూసిందో, ఆ గదిలో ఎవరమూ కదల్లేదు. బట్ట మీద ఇంత గౌరవం, కొనేవాళ్ల మీద ఇంత నమ్మకం నేను ఎక్కడా చూడలేదు. ఆమె తల ఊపింది, బేరం అయిపోయింది.

ఆమె వెళ్లాక ఫైజల్ చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "కళ్లు అన్నిటినీ చూస్తాయి. చెయ్యి మాత్రం నచ్చినదాని మీదికే రెండోసారి వెళ్తుంది. నేను దానికోసమే ఆగుతాను. ఆ లోపల మనం నోరు తెరిస్తే వాళ్లు మనకు జవాబు చెప్పే పనిలో పడి తమకు ఏం కావాలో మరిచిపోతారు. మీ అక్కకు వినపడకపోతే ఈ పనికి ఏం అడ్డం? చూపు బాగుంది కదా."

బట్టలు ఎందుకు ఇంత తక్కువ అని కూడా అడిగాను. గుట్ట ముందు చెయ్యి తడబడుతుంది అన్నాడు. సరుకంతా వెనక గదిలో నిండుగా ఉందట, వాళ్లు మునిగిపోలేదు.

అక్కా, ఆ పద్ధతి నీకు వద్దు అన్నది నేనే. ఇప్పుడు చేసి చూడమంటున్నదీ నేనే. ఒక్కటి మాత్రం నువ్వే తేల్చుకోవాలి. వినపడదని ఊరికి చెప్పకుండా ఇది చేస్తే, నీకు పొగరు ఎక్కి మాట్లాడటం లేదనుకుంటారు.

నవత


మెట్‌పల్లి
12 అక్టోబర్ 2023

చెల్లె నవతకు, రాకేశ్‌కు,

ఇన్నాళ్లు కాగితం పంపకపోతే నువ్వు భయపడి ఉంటావు. తీరిక దొరకలేదు. అది మంచి మాటే అని చివరిదాకా చదివితే తెలుస్తుంది.

నువ్వు రాసింది ఎన్నిసార్లు చదివానో. వినపడదని చెప్పడానికే నాకు చాలా రోజులు పట్టింది. చెవిటిది అంటారని భయం, ఇంకేం లేదు. చివరికి కాత్యాయని టీచరుతో ఒక పలక మీద పెద్ద అక్షరాలతో రాయించి గుమ్మానికి కట్టాను. "నాకు వినపడదు. కూర్చోండి, చూడండి, తాకండి. ధర చీరకే ఉన్నది." కట్టి లోపలికి వచ్చి పరుపు మీద కూలబడ్డాను.

సరుకంతా మేడ మీదికి ఎక్కించాను. అరలకు తెల్ల దుప్పట్లు కట్టాను. ఇనుప పైపు ఒకటి గోడ పొడవునా వేయించి, దానికి కొన్ని చీరలే వేలాడదీశాను. ప్రతిదానికీ ధర చీటీ గుచ్చాను.

తెల్లవారేసరికి నేను దివాలా తీశానని ఊరంతా పాకింది. ఆడవాళ్లు వరసగా పరామర్శకు వచ్చారు, కొంగులు మొహానికి అడ్డం పెట్టుకుని. ఒకామె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అందరికీ నీళ్లు ఇచ్చి పరుపు మీద కూర్చోబెట్టాను, నేను మాట్లాడలేదు. నువ్వు నమ్మవు గానీ, నోరు మూసుకుని కూర్చోవడం అంత కష్టమైన పని నా జన్మలో చేయలేదు.

అందరికంటే సంబరపడింది లింబాద్రి. దసరా రాకముందే వదిన దుకాణం ఖాళీ చేసి పెట్టిందనుకున్నాడు. వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చి, సెల్‌ఫోన్ల అద్దాల బీరువాకు కొలతలు తీయించడం మొదలుపెట్టాడు. వడ్రంగి టేపు పట్టుకుని నా పైపు కింద నుంచి వంగి వంగి పోతున్నాడు. అట్లా ఉండగా సాయవ్వ వచ్చింది.

నా పతనం చూడటానికి వచ్చిందో, జాలిపడటానికి వచ్చిందో తెలియదు. పలక చదివింది. చాలాసేపు గుమ్మంలోనే నిలబడి, తరువాత లోపలికి వచ్చి పైపు పొడవునా నడిచింది. చిగురాకు రంగు నేత చీర ఒకటుంది, సన్న అంచుది. దాన్ని తాకి ముందుకు పోయింది. నేను పరుపు దిగలేదు. వెనక్కి వచ్చి మళ్లీ దాని మీదనే చెయ్యి పెట్టింది. అప్పుడు దాన్ని తీసి, రెండు చేతుల మీద పరిచి, ఆమె చేతుల్లో పెట్టి వెనక్కి జరిగాను. అది వాళ్లమ్మ కట్టుకునే రంగు అని నాకు అప్పుడు గుర్తొచ్చింది. సాయవ్వ ఆ చీరలో మొహం పెట్టుకుని ఏడ్చింది. నా వైపు తిరిగి ఏదో చెప్పింది. నాకు వినపడదని తెలిసీ చెప్పింది. నేనూ ఏడ్చాను. చీటీ మీద ఎంత ఉంటే అంత ఇచ్చి, చీర గుండెకు హత్తుకుని వెళ్లింది. మన వీధిలో బేరమాడకుండా చీర కొన్న మొదటి మనిషి సాయవ్వే.

ఆ సాయంత్రమే వాళ్ల వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు. ఎల్లుండి బతుకమ్మ మొదలు, ఇక ఎట్లా ఉంటుందో నీకు చెప్పాలా? వాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు, నేను చూస్తాను. ఇన్నేళ్లు చీరలు అమ్మాను గానీ, చీర నచ్చినప్పుడు ఆడదాని మొహం ఎట్లా మారుతుందో ఇప్పుడే చూస్తున్నాను. మాట్లాడుతూ అదంతా పోగొట్టుకున్నాను కదా అని ఆశ్చర్యంగా ఉంది.

ఈ రోజు మధ్యాహ్నం లింబాద్రి మళ్లీ వచ్చాడు. లోపల అడుగుపెట్టే సందు లేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. ఏదో అన్నాడు, చాలాసేపే అన్నాడు, చెయ్యి ఊపుతూ అన్నాడు. ఆడవాళ్లందరూ తలలు తిప్పి నా మొహం చూశారు. ఇదివరకైతే లేచి దగ్గరికి పోయి, ఏమంటున్నావు, ఏమంటున్నావు అని అతన్ని పదేపదే అడిగేదాన్ని.

ఈసారి అడగలేదు. గిరాకీ ఉంది.

మీ అక్క
సుభాషిణి